రెండో కాలు నేల మీద పడేదాకా

మా అమ్మను చంపిన డ్రైవరు పోయిన మంగళవారం పొద్దున చనిపోయాడు. మిల్లు ఎదుటి స్టాపులో పూలు అమ్మే ఆమె ఫోన్ చేసి చెప్పింది. "అమ్మిణీ, విజిల్ అన్న పొయ్యినాడు" అని రెండుసార్లు అంది. ఆ తర్వాత "లైన్లో ఉండావా?" అని అడిగింది. ఉన్నాను. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా కారుతున్నా కదలకుండా అక్కడే నిలబడి ఉన్నాను. ఈ మనిషి చావాలని చిన్నప్పుడు నేను కోరుకోని రోజు లేదు. తీరా ఆ కబురు వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఒళ్ళు మండింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ వాళ్ళను వెన్నలాంటి మనుషులనే రాస్తారు. చదివి చదివి విసుగెత్తాను. ఈయన అలాంటివాడు కాదు. పందెం కట్టినట్టు బస్సు నడిపాడు. మా అమ్మ మీద చక్రం పోనిచ్చాడు. ఆ తర్వాత కోర్టులో నిలబడి అబద్ధం చెప్పాడు. అలాంటి మనిషికి నేను కృతజ్ఞతతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎందుకో చెప్పకపోతే మీకు అర్థం కాదు, నాకు మనసు నిలవదు.

మాది కోయంబత్తూరు నుంచి అన్నూరు పోయే రోడ్డు మీద ఒక ఊరు. మావాళ్ళు ఇక్కడికి ఎప్పుడు వచ్చారో మా తాతకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఇంట్లో కూడా సగం తమిళం. బళ్ళో తెలుగు లేదు కాబట్టి చదవడం, రాయడం నేను ఉద్యోగంలో చేరాక పట్టుబట్టి నేర్చుకున్నవే. మా నాయన పవర్‌లూమ్‌లో పని చేసేవాడు. అమ్మ గాంధీపురం బస్టాండు వెనక జాకెట్లు కుట్టే యూనిట్‌కు పోయేది. సాయంత్రం బడి వదలగానే నేను పరిగెత్తి మిల్లు స్టాపులో ఆమె కోసం నిలబడేదాన్ని. ఆమె టిఫిన్ క్యారియరు సంచీ నేను మోయాలి. అది నా హక్కు. ఇంకెవరైనా పట్టుకుంటే ఏడ్చేదాన్ని.

మా రోడ్డు మీద తిరిగేవి ఎక్కువగా ప్రైవేటు బస్సులు. గాంధీపురంలో ఒక్కో బస్సు ఏ నిమిషానికి బయల్దేరాలో రాసి ఉంటుంది. దాన్ని టైమింగ్ అంటారు. అప్పట్లో డ్రైవరుకు, కండక్టరుకు నెల జీతం లేదు. ఎంతమంది ఎక్కితే అంత బత్తా. అందుకని ముందు బస్సువాడు తన నిమిషం దాటినా కదలడు, వెనకవాడికి రావలసిన జనాన్ని కూడా ఎక్కించుకుంటాడు. వెనకవాడు దిగొచ్చి కాలరు పట్టుకుంటాడు. ఒక్క నిమిషం కోసం మూతులు పగలడం మాకు రోజూ కనబడే తమాషా. జనం చుట్టూ చేరి చూసి, ఎవడు ముందు బయల్దేరితే వాడి బస్సెక్కి పోయేవాళ్ళు. రోడ్డు మీదికి వచ్చాక మాత్రం తమాషా ఉండదు. ఎవడు ముందు పోతే తర్వాతి స్టాపు వాడిది.

ఆ సాయంత్రం పచ్చ బస్సు ముందు వచ్చింది. దాని వెనకే నీలం బస్సు, చెవులు చిల్లులు పడేలా హారన్ మోగిస్తూ. పచ్చ బస్సు ఆగింది. ఆగింది. ఈ మాట నేను రెండుసార్లు రాయడానికి కారణం ఉంది. ఆడవాళ్ళు దిగే ముందువైపు మెట్ల మీద అమ్మ కనబడింది. నన్ను చూసి నవ్వి సంచీ నా వైపు చాచింది. ఒక కాలు నేల మీద పెట్టింది. రెండో కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. బస్సు ఒక్క ఉరుకు ఉరికింది. సంచీ నా చేతికి వచ్చింది, అమ్మ రాలేదు. ఆమె పక్కకు తిరిగి పడింది, వెనక చక్రం ఆమె మీదుగా పోయింది. ఆ చప్పుడు ఎలా ఉంటుందో నేను రాయను.

ఇలాంటప్పుడు డ్రైవర్లు దూకి పారిపోతారు. కండక్టరు అలాగే రోడ్డు పక్క జొన్నచేలో పడి పారిపోయాడు. ఇతను పారిపోలేదు. దిగొచ్చి రోడ్డు మీద కూర్చుని అమ్మ తల కింద చెయ్యి పెట్టాడు. అతను అలా ఉండగానే జనం వచ్చి అతని మీద పడ్డారు. చొక్కా పట్టి ఈడ్చారు. చెప్పులతో, రాళ్ళతో కొట్టారు, ఒకడు సైకిలు చెయిన్ తీసుకుని కొట్టాడు. బస్సుకు ఒక్క అద్దం మిగల్లేదు. ఎవరో చెప్పగా మా నాయన మగ్గం వదిలి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో మగ్గం చెక్క ఉంది, దాంతోనే కొట్టాడు. తమిళంలో తిట్లు, ఏడుపులు, కేకలు. వాటి మధ్య నుంచి ఆ డ్రైవరు నోట తెలుగు వినబడింది.

"నీళ్ళు ఇయ్యండి. ఆయమ్మకు రొంత నీళ్ళు ఇయ్యండి."

మా ఇంట్లో మాట్లాడే తెలుగే. నాయన చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకా గట్టిగా దిగింది. మనవాడై ఉండి ఇంత పని చేశాడే అన్న కోపం అది. పోలీసులు వచ్చి లాక్కుపోకపోతే ఆ రోజు రెండు శవాలు లేచి ఉండేవి. నేను సంచీ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నన్ను ఇంటికి తీసుకుపోవాలని చాలాసేపటిదాకా ఎవరికీ గుర్తు రాలేదు.

కేసు కోర్టుకు వచ్చినప్పుడు అతను బోనులో తల వంచుకుని ఒకే ఒక్క వాక్యం చెప్పాడు. బస్సు నిలిచేలోపే ఆమె తొందరపడి దిగబోయిందని. అంతే. వదిలేశారు. నన్ను సాక్ష్యానికి ఎవరూ పిలవలేదు. పన్నెండేళ్ళ పిల్లను, అందులోనూ చచ్చినామె కూతురిని, ఎవరు పిలుస్తారు?

ఆ వాక్యం కోర్టులోనే ఆగిపోయి ఉంటే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. అది మా వీధికి వచ్చింది. "పావం, అంత తొందర ఏంటికి ఆయమ్మకు?" అన్నారు పక్కింటివాళ్ళు. "బిడ్డ నిలబడి ఉంది గదా, దాన్ని చూసి దూకేసింది" అంది మా అవ్వ. బస్సు నిలిచింది నైనా, నేను చూస్తిని, అని నేను మా నాయన మోకాళ్ళు పట్టుకుని చెప్పాను. "చిన్నపిల్లవు, నీకేం తెలుసు" అన్నాడు. ఇంకో రోజు, అన్నం ముందు కూర్చుని, నా వైపు చూడకుండా, "నువ్వు ఆ పొద్దు స్టాపుకు పోకుండా ఉండి ఉంటే" అన్నాడు. వాక్యం పూర్తి చెయ్యలేదు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఒక్కసారి అన్నది చాలు, ఇరవై ఏళ్ళు దాన్ని మోశాను.

ఆ డ్రైవరు మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. పోయి పోయి మా స్టాపుకు ఎదురుగా ఉన్న మిల్లులోనే వాచ్‌మన్‌గా చేరాడు. మా కళ్ళ ముందే తిరగడానికి వచ్చాడని నాయన పళ్ళు కొరికాడు. షిఫ్టు వదిలే వేళకు, సాయంత్రం బస్సుల వేళకు ఖాకీ చొక్కాతో రోడ్డు దాటి వచ్చి స్టాపులో నిలబడేవాడు. బస్సు ఆగగానే ముందు మెట్ల పక్కన కమ్మీ పట్టుకుని నేల వైపు చూసేవాడు. చివరి మనిషి రెండో కాలు నేల మీద పడేదాకా చూసి, అప్పుడు విజిల్ వేసి, బస్సు ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేవాడు. అవసరం లేనప్పుడు విజిల్‌ను పసుపుతాడులా చొక్కా లోపల దాచుకునేవాడు. డ్రైవరు తొందరపడి ఇంజను రేపితే పోయి బస్సుకు అడ్డంగా నిలబడేవాడు.

నిమిషాల కోసం తలలు పగలగొట్టుకునే వాళ్ళు దీన్ని ఊరుకుంటారా? దిగొచ్చి కొట్టేవాళ్ళు. ఒకసారి ముక్కు పగిలి ఖాకీ చొక్కా ముందంతా ఎర్రగా అయింది. నేను బడి నుంచి వస్తూ అది చూసి సంతోషించాను. దాచను. పద్నాలుగేళ్ళప్పుడు నేనే ఒక రాయి తీసి విసిరాను. కనుబొమ్మ మీద తగిలి రక్తం కారింది. అతను నన్ను చూశాడు. రోడ్డు మధ్య పడ్డ ఆ రాయిని వంగి తీసి కాలువలో వేశాడు. పూలామె ఏంటికన్నా అని అడిగితే, "టూ వీలర్లు జారతాయి గదా" అన్నాడు. తిట్టి ఉంటే, కొట్టడానికి వచ్చి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆ మాట విని ఇంకో రాయి వెతుక్కున్నాను.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను, ఆ తర్వాత పట్టణ రవాణా చదివాను. పగతోనే చదివాను. మా నగరానికి కొత్త బస్సు ప్రణాళిక తయారుచేసే పని ఒక కంపెనీకి వచ్చింది, అందులో చేరాను. కార్లు తగ్గాలి, పొగ తగ్గాలి, జనం బస్సెక్కాలి అని మా దగ్గర రంగురంగుల స్లైడ్లు చాలా ఉండేవి. ఎక్కడం గురించే అన్నీ. దిగడం గురించి ఒక్కటీ లేదు.

అన్నూరు రోడ్డు నా చేతికి వచ్చింది. ప్రమాదం ఎక్కువున్న స్టాపులను మ్యాపులో ఎర్ర చుక్కతో గుర్తించాలి. మిల్లు స్టాపుకు చుక్క లేదు. నాకు తిక్క రేగింది. పాత కేసుల కాగితాలు తెప్పించి కూర్చుని ఒక్కొక్కటే చదివాను. మా అమ్మ ఒక్కతే కాదు. ఆ రోడ్డు మీద మెట్ల దగ్గర చచ్చినవాళ్ళు, కాళ్ళు పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. అందరి కాగితాల్లోనూ అదే వాక్యం. బస్సు నిలిచేలోపే తొందరపడి దిగబోయి. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, వాక్యం మారదు. మా రోడ్డు మీద పుట్టినవాళ్ళందరికీ చావడానికి అంత తొందర! మా పై ఇంజనీరమ్మ నిదానంగా అంది, "ప్రయాణికుల తప్పని రికార్డులో ఉంటే స్టాపు మార్చడానికి మనకు కారణం ఉండదు." తప్పు ఆమెది కాదు. కాగితం అలా ఉంది.

ఆ మధ్యాహ్నమే నేను స్టాపుకు పోయాను. అతను టీ గ్లాసు పట్టుకుని, మొహం రోడ్డు వైపు పెట్టి నిలబడి ఉన్నాడు. నేనెవరో చెప్పక్కర్లేదు. అన్నేళ్ళలో నేను అతనితో మాట్లాడిన మొదటి మాట ఇది.

"బస్సు నిలిచిందా, లేదా?"

అతను గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "నిలిచింది అమ్మిణీ."

"మరి?"

"గాంధీపురంలో రెండు నిముసాలు ఎక్కువ నిలిస్తిని. తప్పు నాదే. నీలం బండి కండక్టరు వచ్చి చెవి మీద కొట్టినాడు. చెవి గుయ్యని మోగతానే ఉన్నింది. వాణ్ణి ముందు పోనియ్యకూడదని అద్దం చూస్తానే వస్తిని. కుడి అద్దం. వాడు వచ్చేది కుడి పక్క గదా. మనుసులు దిగేది ఎడమ పక్క. ఆ అద్దం నేను చూళ్ళేదు. విజిల్ విన్నట్టుగా అనిపించింది, లాగితిని. అది విజిలా, నా చెవిలో మోతా, ఇంతవరకూ నాకు తెలీదు."

"కోర్టులో?"

"లాయరు నేర్పించినాడు. ఓనరు అదే చెప్పమన్నాడు. ఇంట్లో రెండేళ్ళ బిడ్డ ఉండె. జైలుకు బయపడితిని. వాళ్ళ మీద తొయ్యను అమ్మిణీ. చెప్పింది నా నోరుదా, నా నోరే."

ఆ వాక్యం మా ఇంట్లో ఏం చేసిందో చెప్పాను. నన్ను చూసి దూకిందని అందరూ అన్నారని, నాయన అన్నది, అన్నీ చెప్పాను. "బిడ్డ మీదికి పోయిందా అది" అన్నాడు, తనలో తానే. నేను చెయ్యెత్తి చెంప మీద కొట్టాను. మిల్లు ఆడవాళ్ళు లేచి వచ్చారు. అతను వాళ్ళను చేత్తో ఆపాడు. ఆ దెబ్బ కొట్టినందుకు నాకు ఈ రోజుకూ బాధ లేదు. ఆ తర్వాత ఇద్దరం అదే బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాం.

నా సంచీలో మేం తయారుచేసిన కొత్త టైం షీటు ఉంది. అడిగి తీసుకున్నాడు. తమిళం కూడబలుక్కుని చదువుతాడు గాని అంకెలు బాగా వచ్చు. వేలు పెట్టి పై నుంచి కిందికి చూశాడు.

"బండి పరిగెత్తే నిముసాలన్నీ రాసినారు. మనుసులు దిగే నిముసం యాడ ఉంది?"

లేదు. ఒక స్టాపు నుంచి ఇంకో స్టాపుకు పట్టే టైం ఉంది. దిగడానికి సున్నా. ఆ షీటు మీద మా కంపెనీలో పెద్ద చదువులు చదివినవాళ్ళు పని చేశారు, నేనూ చేశాను. మెట్ల దగ్గర తల్లిని పోగొట్టుకున్న దాన్ని, నాకూ తట్టలేదు. సిగ్గుతో షీటు లాక్కున్నాను.

ఒక్కో స్టాపులో జనం దిగడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టే సర్వే మొదలుపెట్టాను, ఆ తర్వాత కొన్ని వారాలు అతను నాతో వచ్చాడు. మిల్లులో షిఫ్టు మార్చుకుని మరీ వచ్చాడు. బస్సులో ఎప్పుడూ సీటులో కూర్చునేవాడు కాదు. మెట్ల దగ్గర నిలబడి దిగేవాళ్ళ పాదాలు చూసేవాడు. మొహాలు గుర్తుండవు గాని పాదాలు గుర్తుండేవి. "ఆ నల్ల చెప్పులామెకు మోకాలు వంగదు, ఆమెను లెక్కలో పెట్టుకో. గబగబా దిగే కాలేజీ పిల్లకాయలను పెట్టుకోకు" అనేవాడు. నేను కోపంగా ఉన్నప్పుడల్లా నాకు వేరుశనక్కాయలు కొనిచ్చేవాడు, తను ఒక్కటి కూడా తినేవాడు కాదు. నేను తిట్టిన తిట్లన్నీ విని, స్టాపు రాగానే మాట మధ్యలో ఆపి మెట్ల వైపు తిరిగేవాడు. నాకు తెలియకుండానే అతని దగ్గర పని నేర్చుకున్నాను. అలా నేర్చుకోవడం నాకు నచ్చలేదు. అయినా నేర్చుకున్నాను.

ప్రణాళిక మీద జనాభిప్రాయం అడిగే సభ ఒక కల్యాణ మండపంలో పెట్టారు. మేం రెండే అడిగాం. ప్రతి స్టాపులో దిగడానికి టైం షీటులో చోటు, డ్రైవర్లకు, కండక్టర్లకు నెల జీతం. బత్తా పోతే పందెం పోతుంది. బస్సులవాళ్ళు మండపం నిండా వచ్చారు. తన కూతురు మాట్లాడుతుందని మా నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఓనర్ల తరఫున మాట్లాడినాయన మైకు పట్టుకుని, తప్పు మాది కాదు, మా జనానికి ఓపిక లేదు, నిలిచేలోపే దూకుతారు, రికార్డు చూసుకోండి అన్నాడు. చప్పట్లు మోగాయి.

అప్పుడు పక్క వరసలో నుంచి ఖాకీ చొక్కా లేచింది. ఈయన ఇలా లేస్తాడని నాకు చెప్పలేదు. మైకు దగ్గరికి పోయి, తాను ఫలానా బస్సు డ్రైవరునని, ఫలానా కేసులో వదిలేసినవాణ్ణని తమిళంలోనే చెప్పాడు. ఆ తర్వాత మైకు వదిలేసి, వెనక వరసలో ఉన్న మా నాయన వైపు తిరిగి, మా తెలుగులో గట్టిగా చెప్పాడు.

"అన్నా, ఆయమ్మ దూకలేదు. బండి నిలిచింది. ఒక కాలు కింద పెట్టింది, నేనుదా లాగితిని. బిడ్డను చూసి తొందరపడిందని అంటారే, అది అబద్దం. అది నేను చెప్పిన అబద్దం. నీ బిడ్డ మీద ఏ తప్పూ లేదన్నా."

సగం మందికి తెలుగు రాదు. అయినా అర్థమైంది. అరుపులు మొదలయ్యాయి. ద్రోహి అన్నారు, మా కూడు చెడగొట్టడానికి వచ్చాడన్నారు. ఒకడు ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి విసిరాడు. ఇంకో నలుగురు అతన్ని వంటగది వైపు నెట్టుకుపోయారు. జాకీ రాడ్డు ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. పక్కటెముకల మీద కొట్టారు, కింద పడితే బూట్లతో తన్నారు. నేను మధ్యలో దూరాను. నా ముంజేతి మీద పడ్డ దెబ్బకు ఎముక చిట్లింది, ఆ నొప్పి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేను ఎవడి మొహమో గీరుతున్నాను, నోటికి వచ్చిన తిట్లన్నీ తిడుతున్నాను. చిన్నప్పుడు ఇదే మనిషి ముక్కు పగిలితే సంతోషించినదాన్ని, ఇప్పుడు వాడి మీద పడ్డ ప్రతి దెబ్బకూ అరుస్తున్నాను. మా నాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు.

ఆసుపత్రి నుంచి కట్టుతో ఇంటికి వచ్చాక నాయన నాకు అన్నం కలిపి ఇచ్చాడు. ఇచ్చి అడిగాడు.

"నిలిచిందా?"

"నిలిచింది నైనా."

"నువ్వు అప్పుడే చెప్తివి. నేను వినలేదు." లేచి పెరట్లోకి పోయి మొహం కడుక్కున్నాడు. కుళాయి చాలాసేపు కారుతూనే ఉంది.

ఆ పాత కేసు మళ్ళీ తిరగదోడతారని, అబద్ధపు సాక్ష్యానికి జైలు పడుతుందని అతన్ని కొందరు బెదిరించారు. "తోడనీ" అన్నాడు. మంచం మీద నుంచే జరిగిందంతా తమిళంలో తన సంతకంతో రాయించి ఇచ్చాడు. ఆ కాగితం చేతికి వచ్చాక మా నివేదికలో మిల్లు స్టాపుకు ఎర్ర చుక్క పడింది. అమ్మ పేరు పక్కనున్న వాక్యం మీద నేనే గీత గీసి, బస్సు నిలిచాకే దిగిందని రాశాను. నాయన చదువుకోలేదు. ఆ పేజీ తెచ్చి ఆయన ముందు పెట్టి, ఇప్పుడేం రాసి ఉందో మూడుసార్లు చదివి వినిపించాను.

లోకం మారిపోయిందని నేను రాయలేను. గాంధీపురంలో ఇప్పటికీ కాలర్లు పట్టుకుంటూనే ఉన్నారు. మా రోడ్డు మీద మాత్రం కొన్ని బస్సులు నెల జీతానికి ఒప్పుకున్నాయి, చూద్దాం అన్నట్టుగా. స్టాపు రోడ్డు పక్కకు జరిగింది, బస్సు లోపలికి వచ్చి నిలబడేంత చోటుంది. షీటులో దిగే నిమిషం ఉంది. మిల్లు ఆడవాళ్ళు దాన్ని విజిల్ అన్న నిమిషం అంటారు.

విరిగిన పక్కటెముకలు అతుక్కున్నాయి గాని లోపల దెబ్బతిన్న ఊపిరితిత్తి మళ్ళీ కోలుకోలేదు. దగ్గితే గుడ్డకు ఎర్రగా అంటేది. అయినా స్టాపుకు రావడం మానలేదు. ఇప్పుడు షీటే ఉంది కదా, ఎండలో నిలబడి చావడం ఎందుకని నేను కసిరాను.

"నువ్వు పేపర్లో రాసినావు అమ్మిణీ. అది డ్రైవరు కాలికి ఇంగా తెలీదు. కొన్నాళ్ళు పడుతుంది" అన్నాడు.

"రేపన్నా ఇంట్లో పడుకో చిన్నాయనా" అన్నాను. ఇన్నేళ్ళలో అతన్ని నేను ఒక వరసతో పిలవడం అదే మొదలు. అతను విననట్టు రోడ్డు వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతుంటే దగ్గేమో అనుకున్నాను. దగ్గు కాదు. ఆ మర్నాడు కూడా వచ్చి నిలబడ్డాడు. మా వాళ్ళలో నా మాట వినని వాళ్ళ లెక్కలో అతన్ని కూడా వేసుకున్నాను.

మంగళవారం పూలామె ఫోన్ పెట్టేశాక నాయనకు చెప్పాను. లేచి చొక్కా వేసుకున్నాడు. మిల్లు వెనక లైను ఇళ్ళల్లో అతని ఇల్లు. వాకిట్లో బెంచీ మీద పడుకోబెట్టారు. భార్య, పెళ్ళీడుకొచ్చిన కూతురు తల దగ్గర కూర్చుని ఉన్నారు. మిల్లు ఆడవాళ్ళు షిఫ్టు మానుకుని వచ్చారు. బస్సులవాళ్ళు కూడా వచ్చారు. మండపంలో తన్నినవాళ్ళలో ఒకడు దండ తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి పోయాడు. వాడి దవడ మీద నా గోళ్ళ గీత ఇంకా ఉంది. నోరు తెరిచి ఏమైనా అందామనుకున్నాను. కూతురు ఏడుపు విని ఊరుకున్నాను.

మావాళ్ళలో శవం లేచే ముందు సొంతవాళ్ళు వరసగా వచ్చి నోట్లో రెండు గింజలు బియ్యం వేస్తారు. దాన్ని మేం కూడా తమిళంలోనే వాయ్‌క్కరిసి అంటాం. బయటివాళ్ళు వెయ్యరు. భార్య వేసింది, కూతురు వేసింది, అన్నదమ్ములు వేశారు. ఆ వరసలో మా నాయన పోయి నిలబడ్డాడు. బియ్యం పళ్ళెం పట్టుకున్న పెద్దాయనకు మా నాయన ఎవరో తెలుసు. అందుకే పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు ఏం వరస అయితావు?"

"తమ్ముడు నాకు" అన్నాడు నాయన.

పెద్దాయన అతని భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది. నాయన పిడికిలి నిండా బియ్యం తీసుకున్నాడు. నోటి దగ్గర పిడికిలి తెరిచేసరికి గింజలన్నీ గడ్డం మీద, మెడ మీద పడిపోయాయి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గింజనూ వేళ్ళతో ఏరి, ఆ పెదవుల మధ్య పెట్టడం మొదలుపెట్టాడు. వీధి చివర శవాల బండి ఇంజను ఆడుతూ ఉంది. నాయన వెనక వరస గడప దాటి వీధిలోకి పోయింది. అందరూ నిలబడ్డారు. ఒక్కరు కూడా తొందరపెట్టలేదు.